డేటాబేస్‌లో కమిట్ అయింది, క్యూలోకి మెసేజ్ పోలేదు: ఇంటర్వ్యూలో ఏం చెప్పాలి?

ప్రశ్న: మా అమ్మాయి వరంగల్‌లో బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం చదువుతోంది. "డేటాబేస్‌లో కమిట్ అయ్యాక, క్యూలోకి మెసేజ్ పంపేలోపు ప్రోగ్రాం ఆగిపోతే ఏం చేస్తావు?" అని మాక్ ఇంటర్వ్యూలో అడిగితే చెప్పలేకపోయింది. అదంతా పాత సబ్జెక్టు, హైదరాబాద్ పంపి ఏఐ కోర్సులో చేర్పించమని బంధువులు అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, హన్మకొండ

జవాబు: ఆ ఫీజు ఇప్పుడే కట్టకండి. పాత సబ్జెక్టన్న మాట నిజమే. ట్రాన్సాక్షన్లను (జరిగితే అంతా జరగాలి, లేదంటే ఏదీ జరగకూడదు అనే పనుల కట్టలను) నడిపే ఐబీఎం వాళ్ల సీఐసీఎస్ సాఫ్ట్‌వేర్ 1969 నాటిది. ట్రాన్సాక్షన్ల మీద చేసిన కృషికి కంప్యూటర్ శాస్త్రవేత్త జిమ్ గ్రేకు 1998లో ఆ రంగంలోని పెద్ద పురస్కారం ట్యూరింగ్ అవార్డు వచ్చింది. అయినా మన ఖాతాలో డబ్బు కట్ అయి అవతల పడకపోతే పుట్టే టెన్షన్ ఈ సబ్జెక్టుదే. మిగతాది మీ అమ్మాయిని చదవమనండి.

చూడమ్మా, ఎనుమాముల మార్కెట్‌కు ఒక యాప్ రాస్తున్నావనుకో. మిర్చి అమ్మిన రైతు తక్‌పట్టీ (అమ్మకం రసీదు) డేటాబేస్‌లో ఎక్కి కమిట్ కావాలి, అంటే ఖాయంగా నమోదు కావాలి. ఎస్సెమ్మెస్ పంపే ప్రోగ్రాంకు క్యూ (మెసేజ్‌లను వరుసగా నిలిపి ఉంచే చోటు) ద్వారా ఆ సంగతి తెలియాలి. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ మామూలుగా మార్పులను ముందు లాగ్‌లో రాసి, అది డిస్క్‌కు చేరాకే కమిట్ అయిందంటుంది. ఆ తర్వాత కరెంటు పోయినా లాగ్ చదువుకుని కోలుకుంటుంది. ఆ భరోసా డేటాబేస్ వరకే, క్యూకు వర్తించదు. ముందు కమిట్ చేసి ప్రోగ్రాం ఆగిపోతే మెసేజ్ అసలు వెళ్లకపోవచ్చు. ముందే మెసేజ్ పంపి, కమిట్ ఫెయిలైతే జరగని అమ్మకానికి ఎస్సెమ్మెస్ వెళ్తుంది. నన్నడిగితే ఇదే ఎక్కువ గొడవ.

పుస్తకాల్లో టూ ఫేజ్ కమిట్ ఉంటుంది: డేటాబేస్, క్యూ ఇలా పాల్గొనే అందరూ సిద్ధమంటేనే అందరికీ కమిట్. కానీ అందర్నీ అడిగి నిర్ణయం చెప్పే కోఆర్డినేటర్ ప్రోగ్రాం మధ్యలో పడిపోతే, సిద్ధమన్నవాళ్లు ఆ డేటాను ఇంకెవరూ మార్చకుండా లాకులు పట్టుకుని అలాగే ఉండిపోతారు. పోస్ట్‌గ్రెస్‌లో ఈ సదుపాయం డీఫాల్ట్‌గా ఆఫ్‌లోనే ఉంటుంది.

అందుకే చాలామంది అవుట్‌బాక్స్ పద్ధతికి వెళ్తారు. తక్‌పట్టీ వరుస, పంపాల్సిన మెసేజ్ వరుస రెండూ ఒకే ట్రాన్సాక్షన్‌లో రెండు టేబుళ్లలో రాస్తావు. ఉంటే రెండూ ఉంటాయి, లేకపోతే ఏదీ ఉండదు. వేరే ప్రోగ్రాం అవుట్‌బాక్స్ టేబుల్ చదివి క్యూలోకి పంపి, పంపినట్టు గుర్తు పెడుతుంది. పంపాక, గుర్తు పెట్టేలోపు అది ఆగిపోతే? మళ్లీ లేచి అదే మెసేజ్ ఇంకోసారి పంపుతుంది. కాబట్టి ప్రతి మెసేజ్‌కు ఒక ఐడీ ఇవ్వాలి. అందుకునే ప్రోగ్రాం తన డేటాబేస్‌లో ఏదైనా మార్చేటప్పుడు, అదే ట్రాన్సాక్షన్‌లో ఆ ఐడీనీ రాసుకోవాలి. రెండోసారి వస్తే వదిలేయాలి. ఎస్సెమ్మెస్ లాంటి బయటి పనికి ఇదీ పూర్తిగా సరిపోదు, అరుదుగా రెండుసార్లు వెళ్లొచ్చు. ఆ మాట నువ్వే ముందుగా చెప్పు. అడిగేవాళ్లు చూసేది అదే.

ఇదే ప్రాజెక్టుగా చెయ్యి. పోస్ట్‌గ్రెస్, క్యూ కోసం రాబిట్‌ఎంక్యూ రెండూ ఉచితం, మామూలు ల్యాప్‌టాప్ చాలు. ప్రోగ్రాంను కావాలనే మధ్యలో చంపి, ఒక్క తక్‌పట్టీ మెసేజ్ కూడా తప్పిపోలేదని చూపించే టెస్టులు రాయి. రెజ్యూమెలో "డేటాబేస్ తెలుసు" అనే మాట తీసేసి ఆ టెస్టుల లింకు పెట్టు.

ఏఐ సంగతి ఫైనలియర్‌లో చూసుకోవచ్చు, ఈ సెలవులు మాత్రం దీనికే.