రుద్రనాథ్‌కు సాగర్ వైపు నుంచి వెళ్లాలా, మండల్ వైపు నుంచి వెళ్లాలా?

కేదార్‌నాథ్ నడకంతా గుర్రాల రద్దీలోనే గడిచిపోయిందని, తుంగనాథ్ ఒక్క పూటలో అయిపోయిందని మీరు రాశారు. ఈసారి అడవి, పచ్చిక, గుడి మూడూ తనివితీరా దొరికే దారి కావాలన్నారు. ఉత్తరాఖండ్‌లోని పంచకేదారాల్లో ఒకటైన రుద్రనాథ్ గుడికి ఏ వైపు నుంచి ఎక్కాలని అడిగారు. అరవై దాటిన అమ్మగారు కూడా వస్తారన్నారు.

రుద్రనాథ్ మీకు సరిపోతుంది. సాగర్ నుంచి ఎక్కండి. మండల్ అనే ఊరి వైపు దిగాలా వద్దా అన్నది పైకి చేరాక వాతావరణాన్ని, మోకాళ్లను చూసుకుని తేల్చుకోండి. అమ్మగారిని మాత్రం ఈ నడకకు తీసుకెళ్లవద్దు. ఆవిడకు వేరే ఏర్పాటు ఉంది, చివర్లో చెబుతాను.

సాగర్ అనే ఊరు గోపేశ్వర్ పట్టణానికి దగ్గర్లోనే, చోప్తా వెళ్లే రోడ్డు మీద ఉంటుంది. అక్కడి నుంచి గుడికి సుమారు ఇరవై కిలోమీటర్లు. చాలామంది ఈ అంకె చూసి ‘కేదార్‌నాథ్ అంతే కదా’ అనుకుంటారు. అక్కడే పొరపడతారు. కేదార్‌నాథ్ దారి పొడవునా మెట్లు, రాతి పరుపు, అడుగడుగునా టీ దుకాణాలు ఉంటాయి. ఇక్కడున్నది కాలిబాట ఒక్కటే. పైగా ఎక్కుడులో చాలా భాగం మొదటి సగంలోనే పోగుపడి ఉంది. పుంగ్ అనే చిన్న పచ్చిక దాటాక, మోలీ ఖరక్, ల్యూటీ బుగ్యాల్ (బుగ్యాల్ అంటే ఎత్తైన కొండల మీది పచ్చిక మైదానం) మీదుగా పనార్ చేరేదాకా నిలువు అడవి ఊపిరి సలపనివ్వదు. పనార్ తర్వాత బాట కొండ నడుము వెంట సాగిపోతుంది. అందుకే మొదటి రోజు పనార్‌ను, లేదా అంతకంటే కిందే ల్యూటీని, లక్ష్యంగా పెట్టుకుని తెల్లవారుజామునే బయలుదేరండి. నీళ్లు కనబడిన చోటల్లా సీసాలు నింపుకోండి, ముందు ఇంకా ఉంటాయిలే అని వదిలేయకండి.

ఈ ఎక్కుడులో నన్ను కట్టిపడేసింది సింధూర వృక్షాల (ఓక్ చెట్ల) అడవి. అక్కడివాళ్లు బాంజ్, మోరూ, ఖర్సూ అని మూడు రకాలు చెబుతారు. మొదట్లో అన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి. ఆకు తిప్పి చూడండి. కింది వైపు బూడిద పూసినట్టు తెల్లగా ఉంటే బాంజ్, రెండు వైపులా నున్నగా పచ్చగా ఉంటే మోరూ, అడుగున తుప్పురంగు నూగు ఉంటే ఖర్సూ. బాంజ్ కింది ఎత్తుల్లో, ఖర్సూ అడవి అంచుదాకా పెరుగుతాయి కాబట్టి ఎంత ఎత్తుకు వచ్చామో ఆకే చెప్పేస్తుంది. ఫోన్‌లో ఎత్తు చూసుకోవడం నేను ఆ దారిలోనే మానేశాను. ఇదంతా కేదార్‌నాథ్ వన్యప్రాణి అభయారణ్యం పరిధిలోది. 1972లో ఏర్పడిన ఈ అభయారణ్యం కస్తూరి మృగానికి నెలవు. మృగం కంటబడుతుందని ఆశ పెట్టుకోకండి, మోనాల్ పక్షి కనబడితే అదే అదృష్టం. సాగర్‌లో అటవీ శాఖ వారి దగ్గర పేర్లు రాయించి, రుసుము కట్టి వెళ్లాలి.

చెట్లు ఒక్కసారిగా ఆగిపోయి గడ్డి మొదలయ్యే చోటే పనార్. ఆకాశం తేటగా ఉంటే త్రిశూల్, నందా ఘుంటీ శిఖరాలు ఎదురుగా నిలుస్తాయి. గుడారం వేసుకుని ఇక్కడే పడుకోవాలని ఎవరికైనా అనిపిస్తుంది. అయితే 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు బుగ్యాళ్లలో రాత్రి బస చేయడాన్ని నిషేధించింది. అది సబబేనని నా అభిప్రాయం. ఏడాదిలో సగం మంచు కింద ఉండే ఆ గడ్డి, గుడారాల కిందా వంట పొయ్యిల కిందా నలిగితే మళ్లీ చిగురించడానికి చాలా కాలం పడుతుంది. స్థానికులు నడిపే బసల్లో ఈ ఏడు ఏవి తెరిచి ఉన్నాయో సాగర్‌లోనే కనుక్కుని కదలండి.

పనార్ తర్వాత వచ్చే పిత్రధార్ గుడి కన్నా ఎత్తయిన చోటు. పితృదేవతల పేరిట అక్కడ రాళ్లు పేర్చి వెళతారు. అక్కడి నుంచి పంచగంగ మీదుగా గుడికి చేరతారు. వచ్చిన దారినే తిరిగి వెళ్లేటట్టయితే దిగింది కొంత మళ్లీ ఎక్కాల్సి ఉంటుందని లెక్కలో పెట్టుకోండి.

గుడి చిన్నది, బండను ఆనుకుని గుహలా ఉంటుంది. వృషభ రూపంలో పాండవులకు అందకుండా పోయిన శివుడి ముఖం ఇక్కడ వెలసిందని స్థలపురాణం. మెడ కాస్త ఒక పక్కకు వాల్చినట్టున్న ఆ శిలా ముఖం, లింగాలకు అలవాటుపడిన మన కళ్లకు కొత్తగా ఉంటుంది. సాయంత్రం హారతికి అందేలా చేరుకోండి. మధ్యాహ్నం దాటితే చాలు, మబ్బు కమ్మేస్తుంది కాబట్టి శిఖరాలు చూడాలంటే ఉదయమే దిక్కు.

ఇక మీరడిగిన మండల్ దారి. పంచగంగ దగ్గర బాట చీలి, నావ్‌లా కనుమ ఎక్కి, హంస్ బుగ్యాల్ దాటి, దట్టమైన అడవిలోంచి అనసూయాదేవి గుడికి, అక్కడి నుంచి మండల్‌కు దిగుతుంది. అందంలో సాగర్ దారిని మించినది. కాకపోతే ఏటవాలు చాలా ఎక్కువ, దుకాణాలు ఉండవు, ఆకులు పరుచుకున్న చోట బాట కనబడదు, ఎలుగుబంట్ల భయమూ ఉంది. ఈ వైపు దిగితే స్థానిక మార్గదర్శి లేకుండా దిగకండి. వాన పడుతుంటే మాత్రం సాగర్‌కే తిరిగి రండి. ఈ వైపు నుంచి ఎక్కడం నాకు తెలిసినవాళ్లలో ఎవరికీ నేను చెప్పను.

ఎప్పుడు వెళ్లాలంటే, గుడి మే నుంచి అక్టోబరు దాకా తెరిచి ఉంటుంది. జూలై, ఆగస్టుల్లో పచ్చిక నిండా పూలే, అడవి నిండా జలగలే, రోడ్డు మీద కొండచరియలు. సెప్టెంబరు చివర నుంచి గడ్డి బంగారు రంగుకు తిరుగుతుంది, ఆకాశం తేటపడుతుంది. నా ఓటు దానికే.

అమ్మగారి సంగతి. ఆవిడ గోపేశ్వర్‌లో ఉండి గోపీనాథ్ ఆలయం చూస్తారు. చలికాలంలో రుద్రనాథుడి పూజలు జరిగేది ఆ గుడిలోనే. మీరు మండల్ వైపే దిగుతారనుకుంటే, ఆ రోజుకు తోడొకరితో ఆవిడను మండల్ దాకా జీపులో పంపమనండి. అక్కడి నుంచి అనసూయ గుడికి అయిదు కిలోమీటర్లు, తీరిగ్గా నడిచి చేరవచ్చు. పక్కనే జలపాతం ఉన్న అత్రి మహాముని గుహకు వెళ్లే ఆఖరి మెట్టు గొలుసు పట్టుకుని పాకాల్సినది. అది మీరు ఒక్కరే చూసి రండి.