స్పోర్ట్స్ కారుకి మార్పులు చేయిస్తే చట్టం ఏమంటుంది?

ప్రశ్న: లాయర్ గారికి నమస్కారం. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. రొయ్యల చెరువులు చేస్తాం. నాకు 27 ఏళ్లు, చిన్నప్పటి నుంచి కార్లంటే పిచ్చి. నాలుగు నెలల కిందట హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్ బీఎండబ్ల్యూ ఎం2 కొన్నాను. తెలంగాణ నంబరు. ఆర్సీ, ఇన్సూరెన్స్ ఇంకా పాత ఓనరు పేరు మీదే ఉన్నాయి. మామూలు రోజుల్లో ఇక్కడ తిరుగుతూ, ఏడాదికి రెండు మూడుసార్లు చెన్నై ట్రాకుకి తీసుకెళ్లాలని కోరిక. ఇంజిన్ రీమ్యాప్ (పవర్ పెంచేలా సాఫ్ట్‌వేర్ మార్చడం), క్యాట్ (పొగను శుద్ధి చేసే భాగం) లేని డౌన్‌పైపు (ఇంజిన్ నుంచి పొగను తీసుకెళ్లే పైపు), సౌండ్ ఎక్కువ వచ్చే ఎగ్జాస్ట్, బండిని కిందికి దించే కాయిలోవర్లు (స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు కలిపిన సెట్టు), వెనక సీట్లు తీసేసి రోల్ కేజ్ (లోపల బిగించే ఇనుప గొట్టాల చట్రం). వీటన్నిటికీ ఒక గ్యారేజీకి 60 వేలు అడ్వాన్సు ఇచ్చాను. "ఆర్టీవో అప్రూవల్ మేమే చేయిస్తాం" అని వాట్సాప్‌లో రాశారు. పని ఇంకా మొదలుపెట్టలేదు. మా నాన్నగారు మాత్రం టెన్షన్ పడుతున్నారు. వీటిలో ఏవి చేయించుకోవచ్చు? ఇన్సూరెన్స్ వర్తిస్తుందా? మా చెరువు గట్ల మీద ప్రాక్టీస్ చేయొచ్చా?

జవాబు: మీరు అడగని విషయంతో మొదలుపెడతాను, ఎందుకంటే అన్నిటికంటే తొందరగా తేల్చుకోవాల్సింది అదే. నాలుగు నెలలుగా ఆ కారు మీ చేతిలో ఉంది, కాగితాల మీద మాత్రం మీది కాదు. మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 50 ప్రకారం కొన్నవాళ్లు 30 రోజుల్లోగా పేరు మార్పుకు దరఖాస్తు పెట్టుకోవాలి. ఇన్సూరెన్స్ కంపెనీకి 14 రోజుల్లో తెలియజేయాలని సెక్షన్ 157 చెబుతోంది. బండి అమ్మినప్పుడు పాలసీ కొన్నవాళ్లకు దానంతటదే బదిలీ అయినట్టు చట్టం చూస్తుంది. కానీ అది థర్డ్ పార్టీ వరకే, అంటే బయటివాళ్లకు జరిగే నష్టం వరకే. మీ కారుకి జరిగే నష్టానికి ఆ బదిలీ వర్తించదని సుప్రీంకోర్టు 1995లోనే కంప్లీట్ ఇన్సులేషన్స్ కేసులో తేల్చింది. అంటే ఈ రాత్రి మీ ఎం2 ఏ పంటకాలువలోనో పడితే, ఏ మార్పూ చేయించకపోయినా, ఓన్ డ్యామేజీ కింద మీకు డబ్బు రావడం చాలా కష్టం.

అవతల పాత ఓనరుకీ ఇది ముప్పే. యాక్సిడెంట్ జరిగితే రికార్డులో ఓనరుగా ఎవరి పేరుంటే బాధ్యత వాళ్లదేనని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ఆయన్ని అడగడానికి మొహమాటపడకండి, ఎన్‌వోసీ (తెలంగాణ ఆర్టీవో ఇచ్చే అభ్యంతరం లేదన్న పత్రం) తెప్పించుకోండి. పక్క రాష్ట్రం బండిని 12 నెలలు దాటి ఇక్కడ ఉంచితే కొత్త నంబరు తీసుకోవాలని సెక్షన్ 47 ఎలాగూ చెబుతోంది. పేరు మార్పు, ఇక్కడి లైఫ్ ట్యాక్స్, ఏపీ నంబరు అన్నీ ఒకే దఫాలో పూర్తి చేసుకోండి. ఆ పనికి బండిని బ్రేకు ఇన్‌స్పెక్టర్ ముందుకి తీసుకెళ్లాలి. ఆయన ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు, రంగు, సీట్లు ఆర్సీతో సరిచూస్తారు. సీట్లు పీకేసిన కారుతో అక్కడికి వెళితే పని మొదట్లోనే ఆగిపోతుంది. గ్యారేజీ పని ఇంకా మొదలవకపోవడం మీ అదృష్టం.

ఇక మీరు అడిగినవాటికి వస్తాను. మార్పుల గురించి చెప్పేది సెక్షన్ 52. కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకు, ఆర్సీలో రాసిన వివరాలకు తేడా వచ్చేలా ఓనరు బండిని మార్చకూడదని అందులో ఉంది. 2019 జనవరి 9న కేరళ నుంచి వచ్చిన జయచంద్ర కేసులో సుప్రీంకోర్టు దీన్ని ఇంకా గట్టిగా చెప్పింది. కంపెనీ ఒక మోడల్‌ని పరీక్షలకు పెట్టి ఆమోదం తెచ్చుకున్నాక, దాని మౌలిక రూపాన్ని మార్చేందుకు రాష్ట్ర నిబంధనలు కూడా అనుమతి ఇవ్వలేవన్నది ఆ తీర్పు సారాంశం. ఆర్టీవో చేతిలో ఉన్న అనుమతులు చాలా కొద్ది. సీఎన్‌జీ లాంటి ఇంధనానికి మార్చుకోవడం, వికలాంగుల కోసం బండిని అనువుగా చేయించుకోవడం, పాడైన ఇంజిన్ స్థానంలో అదే రకం ఇంజిన్ వేసుకోవడం వంటివి. సౌండ్ ఎక్కువ వచ్చే ఎగ్జాస్ట్‌కి, క్యాట్ పీకేసిన పైపుకి అప్రూవల్ అనే కాగితమే లేదు. గ్యారేజీవాళ్లు మీకు ఇస్తామన్నది ఏ ఆఫీసులోనూ దొరకదు.

అనుమతి లేని మార్పుకు సెక్షన్ 182ఏ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకి 5 వేల జరిమానా, లేదా రెండూ. 'ఒక్కో మార్పుకి' అన్న మాటను గమనించండి. మీ జాబితాలో ఐదు ఉన్నాయి. రోడ్డు మీద పోలీసులు పట్టుకుంటే ఐదూ విడివిడిగా లెక్కకు రావచ్చు.

ఐదూ ఒకేలాంటివి కావు గనక ఒక్కొక్కటి చూద్దాం. మీ ఆర్సీ కార్డు చేతిలోకి తీసుకుని 'సీటింగ్ కెపాసిటీ' అన్న గడి వెతకండి. అక్కడ 4 అని ఉంటుంది. వెనక రెండు సీట్లు తీసేసి ఇనుప కేజ్ బిగిస్తే ఆ అంకె అబద్ధమవుతుంది. బండి బరువు కూడా మారుతుంది. ఇందులో వాదించడానికి ఏమీ లేదు, సెక్షన్ 52 నేరుగా తగులుతుంది. రోజువారీ వాడకంలో అది ప్రమాదం కూడా. ట్రాకులో హెల్మెట్ ఉంటుంది కాబట్టి కేజ్ కాపాడుతుంది. హెల్మెట్ లేకుండా పాలకొల్లు రోడ్డులో ఓ ఆటో వచ్చి గుద్దితే, తలకి తగిలే మొదటి వస్తువు ఆ ఇనుప గొట్టమే.

క్యాట్ లేని డౌన్‌పైపు, సౌండ్ ఎగ్జాస్ట్ రెండూ సెక్షన్ 190(2) కిందికి వస్తాయి. శబ్దం, పొగ ప్రమాణాలు దాటిన బండి నడిపితే మొదటిసారి మూడు నెలల వరకు జైలు, లేదా 10 వేల వరకు జరిమానా, లేదా రెండూ. లైసెన్సు మూడు నెలలు పోతుంది. చాలామంది కుర్రాళ్లు "పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది కదండీ" అంటారు. ఆ పరీక్షలో పెట్రోలు బండి నిలబడి ఉండగా వచ్చే పొగను మాత్రమే కొలుస్తారు. ఆ కాగితం ఉన్నంత మాత్రాన తీసేసిన క్యాట్ తిరిగి వచ్చినట్టు కాదు.

రీమ్యాప్ విషయంలో నిజాయితీగా చెప్పాలంటే వాదనకు కొంత చోటుంది. సెక్షన్ 52 వివరణలో 'మార్పు' అంటే బండి నిర్మాణంలో మార్పు వల్ల దాని మౌలిక లక్షణం మారడం అని ఉంది. సాఫ్ట్‌వేర్ మారిస్తే నిర్మాణం మారిందా అని ఒక లాయరు కోర్టులో అడగొచ్చు, నేనైనా అడుగుతాను. కానీ పవర్‌తో పాటు పొగ లెక్కలు కూడా మారితే పొల్యూషన్ నిబంధనలు వేరుగా తగులుతాయి. ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకుండా దాచారన్న మాట ఇంకోవైపు నుంచి వస్తుంది. కోర్టులో గెలవొచ్చేమో అన్న ఆశ మీద అంత ఖరీదైన బండిని పణంగా పెట్టమని నేను చెప్పలేను.

కాయిలోవర్లు కంపెనీ ఆ మోడల్‌కే అమ్మే సొంత పార్టులైతే, బిల్లు, పార్టు నంబరు ఉంటే, సమర్థించుకోవడానికి ఆధారం ఉంటుంది. బయటివైతే ఉండదు. మన ఊళ్లలో స్పీడ్ బ్రేకర్ల ఎత్తు మీకు నేను చెప్పక్కర్లేదు, కిందికి దించిన బండి ప్రతి ఊరి మొదట్లోనూ పొట్ట రాసుకుంటుంది.

చట్టం అడ్డుచెప్పని పనులూ ఉన్నాయి. నా ఉద్దేశంలో ట్రాకుకి కొత్తగా వెళ్లేవాళ్లకు అసలు కావలసినవి అవే. మంచి రకం బ్రేకు ప్యాడ్లు, వేడికి తట్టుకునే కొత్త బ్రేకు ఆయిలు, కంపెనీ చెప్పిన సైజులోనే లోడ్ ఇండెక్స్ (మోయగల బరువు), స్పీడ్ రేటింగ్ (తట్టుకోగల వేగం) తగ్గకుండా మంచి పట్టున్న టైర్లు, కంపెనీ పరిమితుల్లో వీల్ అలైన్‌మెంటు. వీటిలో ఏదీ ఆర్సీలో ఒక్క అక్షరం కూడా మార్చదు. నాలుగైదుసార్లు ట్రాకు మీద తిరిగాక కూడా పవర్ చాలడం లేదనిపిస్తే అప్పుడు ఆలోచించండి.

ఇన్సూరెన్స్ గురించి. నా దగ్గరకు వచ్చిన ఒక క్లెయిమ్ చెబుతాను. వానాకాలం రాత్రి, చేపల లారీల నుంచి కారిన నీళ్లతో రోడ్డు జారుడుగా ఉంది. మలుపులో కారు అదుపు తప్పి కాలువలోకి దిగిపోయింది. లోపలివాళ్లు అద్దం పగలగొట్టుకుని బయటపడ్డారు. మర్నాడు క్రేనుతో తీసి షెడ్డులో పెట్టిన బండిని చూడ్డానికి సర్వేయర్ వచ్చాడు. ఇంకా నీళ్లు కారుతున్న బండి కింద గోనెపట్టా పరుచుకుని, టార్చి పట్టుకుని వెల్లకిలా పడుకున్నాడు. అతను మొదటి ఫొటో తీసింది నొక్కుకుపోయిన బంపర్‌ది కాదు, సైలెన్సర్ దగ్గరున్న కొత్త వెల్డింగ్‌ది. ఆ ఒక్క ఫొటోతో క్లెయిమ్ తిరస్కరించారు. సైలెన్సర్ వల్ల బండి జారలేదని మేం వాదించాం. పాలసీ షరతు తప్పినా క్లెయిమ్ మొత్తం కొట్టేయకుండా కొంత శాతం చెల్లించాలని 2010లో అమలేందు సాహూ కేసులో సుప్రీంకోర్టు అన్న మాటను చూపించాం. చివరికి కొంత వచ్చింది. దానికి రెండేళ్లు పట్టింది, అప్పటిదాకా ఆ కుటుంబం వాయిదాలు కడుతూనే ఉంది.

ట్రాకు విషయంలో ఆ మాత్రం వాదన కూడా ఉండదు. ప్రైవేటు కారు పాలసీలో 'వాడకం పరిమితులు' అన్న పేరా చదవండి. రేసింగు, స్పీడ్ టెస్టింగు వాడకానికి పాలసీ వర్తించదని అచ్చులోనే ఉంటుంది. ట్రాకులో దెబ్బ తింటే ఆ ఖర్చు మీదే. దాన్ని రోడ్డు మీద జరిగినట్టు చూపించే పని మాత్రం ఎవరు సలహా ఇచ్చినా చేయకండి. అది మోసం కేసు అవుతుంది, క్లెయిమ్ పోవడంతో ఆగదు.

మీ నాన్నగారు భయపడేది మీ కారు గురించి కాదనుకుంటాను. ఈ డెల్టాలో రోడ్డుకి ఒక పక్క కాలువ, ఇంకో పక్క చెరువు. మధ్యలో సైకిళ్లు, గేదెలు, తెల్లవారుజామున చెరువు పనికి వెళ్లే కూలీలు. ఎవరైనా చనిపోతే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106 కింద ఐదేళ్ల వరకు జైలు. మార్పులు చేసిన బండి అని తేలితే నిర్లక్ష్యానికి అదే సాక్ష్యంగా చూపిస్తారు. ఇన్సూరెన్స్ కంపెనీ బాధిత కుటుంబానికి పరిహారం కట్టినా, షరతులు తప్పారని నిరూపిస్తే ఆ డబ్బు మీ నుంచి వసూలు చేసుకునే వీలుంటుంది. అప్పుడు చెరువులు అమ్మినా చాలదు.

చెరువు గట్ల సంగతి. చట్టం 'పబ్లిక్ ప్లేస్' అంటే జనానికి వెళ్లే హక్కున్న ఏ చోటైనా అని చెబుతోంది. మీ పట్టా భూమిలో గేటు పెట్టి, బయటివాళ్లెవరూ రాని గట్టయితే అది దీని కిందికి రాకపోవచ్చు. పక్క రైతులు, మేత ట్రాలీలు నడిచే పుంత గట్టయితే అది పబ్లిక్ ప్లేసే. అయినా తడిసిన బంకమట్టి గట్టు మీద వెనక చక్రాలతో నడిచే అంత పవరున్న బండి ఎలా తిరుగుతుందో మీకు తెలుసు. దయచేసి వద్దు. సంక్రాంతికి బరుల దగ్గర స్నేహితులు పందెం వేద్దామన్నా, రాత్రిపూట 216 హైవే మీద చూసుకుందామన్నా సెక్షన్ 189 గుర్తుంచుకోండి. పబ్లిక్ రోడ్డు మీద ప్రభుత్వ అనుమతి లేని రేసుకి మొదటిసారి మూడు నెలల వరకు జైలు, లేదా 5 వేల వరకు జరిమానా, లేదా రెండూ. పాల్గొన్నవాళ్లకే కాదు, అనుమతించినవాళ్లకు కూడా. అంటే తాళాలు స్నేహితుడి చేతికిచ్చి పక్కన నిలబడినా తప్పించుకోలేరు.

పూర్తి ట్రాకు కారు కావాలన్న కోరిక నిజంగా బలంగా ఉంటే దారి లేకపోలేదు. దానికి వేరే పాత కారు కొనండి. కేజ్, క్యాట్ లేని పైపు, రీమ్యాప్ అన్నీ దానికే చేయించండి. పబ్లిక్ ప్లేసులో నడపని బండి మీద సెక్షన్ 52 గొడవ అంతగా ఉండదు. ఒక్క అడుగు కూడా రోడ్డు మీద నడపకుండా, ఫ్లాట్‌బెడ్ లారీ మీద చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలోని ట్రాకుకో, కోయంబత్తూరు కరి స్పీడ్‌వేకో తీసుకెళ్లండి. ఎం2ని కంపెనీ ఇచ్చినట్టే ఉంచండి, అది ఉన్నది ఉన్నట్టుగానే ట్రాకు మీద గొప్పగా నడుస్తుంది. అక్కడ నిర్వాహకులు సంతకం పెట్టించుకునే బాండు మాత్రం పూర్తిగా చదివి సంతకం చేయండి.

చివరగా మీ 60 వేలు. పని మొదలవలేదు గనక ఈ వారమే వాట్సాప్‌లోనూ, స్పీడ్ పోస్టులోనూ రాయండి: "ఆర్టీవో అప్రూవల్ ఇప్పిస్తామని మీరు చెప్పిన మాట నమ్మి అడ్వాన్సు ఇచ్చాను. అలాంటి అనుమతి చట్టంలో లేదని తెలిసింది. 15 రోజుల్లో నా డబ్బు వాపసు ఇవ్వండి." వాళ్లు అప్రూవల్ గురించి రాసిన మెసేజిని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, ఫోన్ మార్చినా పోకుండా చూసుకోండి. అడ్వాన్సు ఏ ఖాతాకి వెళ్లిందో బ్యాంకు స్టేట్‌మెంటు తీయించండి. స్పందించకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు చేయండి, తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు. ఆ ఉత్తరం పోస్టు చేసిన రోజే పాత ఓనరుకి ఎన్‌వోసీ గురించి ఫోన్ చేయండి. పేరు మారేదాకా కారు షెడ్డులోనే ఉంచండి.