అన్నం దగ్గర ఫోను: అమ్మడుకు పెద్దమ్మ ఉత్తరం

విశాఖపట్నం

చి. ల. సౌ. అమ్మడుకు పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాను. బాబుకు నాలుగేళ్లు నిండాయనీ, ఫోను ముందు పెట్టనిదే ముద్ద మింగడం లేదనీ, ఈ మధ్య పొట్ట ముందుకు వస్తున్నదనీ వ్రాసి, ఫోను చూడటానికీ ఒళ్లు రావడానికీ నిజంగా సంబంధం ఉన్నదా అని అడిగావు. ఉన్నది. అయితే కదలకుండా కూర్చోవడం వల్లనే కొవ్వు పెరుగుతుందని అందరూ అనుకుంటారు గానీ, అంతకంటే నోటి దారిన వచ్చేదే ఎక్కువని పిల్లల వార్డులో నర్సుగా పనిచేసిన నా అభిప్రాయం. అమెరికాలో లియోనార్డ్ ఎప్‌స్టీన్ బృందం 2008లో ప్రచురించిన అధ్యయనంలో, బరువు ఎక్కువ వైపు ఉన్న 4 నుంచి 7 ఏళ్ల పిల్లలు 70 మందిని తీసుకొని, కొందరి ఇళ్లలో టీవీ, కంప్యూటర్ సమయాన్ని సగానికి తగ్గించి రెండేళ్లు గమనించారు. ఆ పిల్లల్లో ఎత్తుతో పోల్చిన బరువు తగ్గింది. వాళ్ల ఆటలు పెద్దగా పెరగలేదు. తినే తిండి తగ్గింది.

ఇది ఎందుకో నువ్వే గమనించవచ్చు. కళ్లు బొమ్మల మీద ఉన్నంతసేపూ కడుపు నిండిన సంగతి బిడ్డకు తెలియదు; నోరు తెరుస్తూనే ఉంటాడు, మనం పెడుతూనే ఉంటాము. గిన్నె ఖాళీ అయిందన్న సంతోషం మనది, ఎక్కువైన తిండి వాడిది. వీడియోల నడుమ చాక్లెట్ల, చిప్స్ ప్రకటనలు వస్తాయి. రాత్రి పొద్దుపోయేదాకా చూస్తే నిద్ర తరుగుతుంది, నిద్ర చాలని పిల్లలకు మరునాడు తిండి మీద యావ పెరుగుతుంది.

మీ అత్తగారు వాడు చిక్కిపోతున్నాడని బెంగపడి ఫోను ఇవ్వడం మొదలుపెట్టారని వ్రాశావు. ఆమెను తప్పుపట్టవద్దు, నిదానంగా ఈ విషయం చెప్పు. ఏడాది దాటిన తర్వాత ఐదారేళ్ల వరకు పిల్లల ఒంటి కొవ్వు సహజంగానే తగ్గుతుంది, చేతులు కాళ్లు సన్నబడతాయి, ఆ తర్వాత మళ్లీ నెమ్మదిగా ఒళ్లు పట్టుకుంటుంది. ఈ మలుపు ఐదేళ్ల లోపే వచ్చేసిన పిల్లలకు పెద్దయ్యాక ఊబకాయం వచ్చే అవకాశం ఎక్కువ. అంటే నాలుగేళ్ల బిడ్డ సన్నగా కనబడటం చాలాసార్లు ఆరోగ్య లక్షణమే. పైగా మన పిల్లల సంగతి వేరు. పుణెలో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం అక్కడి నవజాత శిశువులను ఇంగ్లండ్ శిశువులతో పోల్చి 2003లో చూపినదేమంటే, మన శిశువుల సగటు బరువు దాదాపు 2.7 కిలోలు, వాళ్లది 3.5 కిలోలు ఉన్నా, మనవాళ్లలో కండ తగ్గినంతగా కొవ్వు తగ్గలేదు. అందుచేత బరువు యంత్రం ఒక్కటే చూసి ధైర్యపడరాదు, కంగారుపడరాదు.

ఇక చేయవలసిన పని. రోజంతటి ఫోనును ఒక్కసారిగా మానిపించబోవద్దు. ముందు అన్నం దగ్గర మాత్రం పూర్తిగా ఆపు. అందరూ కలిసి కూర్చోండి, వాడికి చిన్న కంచం ఇచ్చి పప్పన్నమో పెరుగన్నమో తన చేత్తో తననే కలుపుకోనివ్వు. ఒలకబోస్తాడు, ఫరవాలేదు. ఇరవై, ముప్ఫై నిమిషాలలో తిన్నంత తింటాడు. మొహం తిప్పుకుంటే కంచం తీసెయ్యి, వెంటపడి తినిపించవద్దు, మళ్లీ భోజనం వేళ వరకు బిస్కెట్లు, ప్యాకెట్ రసాలు పెట్టవద్దు. మొదటి రోజుల్లో గట్టిగా ఏడుస్తాడు, ఒక పూట సరిగా తినడు. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ ఆకలికి తాను తింటాడు. అప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు మనసు కరిగి ఫోను ఇచ్చేస్తే, ఏడిస్తే దొరుకుతుందని వాడు నేర్చుకుంటాడు, కనుక మీ ఆయనతోనూ అత్తగారితోనూ ముందే మాట్లాడి పెట్టుకో. పెద్దల ఫోన్లు కూడా భోజనం దగ్గర ఉండకూడదు.

అది కుదిరాక నిద్ర సంగతి చూడు. పడుకునే గంట ముందు నుంచి తెర ఉండకూడదు, పడకగదిలో ఫోను ఛార్జింగు కూడా వద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన ప్రకారం 3, 4 ఏళ్ల పిల్లలకు తెర సమయం రోజుకు గంట మించకూడదు, తక్కువైతే మరీ మంచిది. నిద్ర 10 నుంచి 13 గంటలు, కదలిక 180 నిమిషాలు, అందులో కనీసం గంటసేపు ఒగర్చేంతటి ఆట కావాలి. ఊళ్లో ఉన్న మీ అమ్మతో వీడియో కాల్ మాట్లాడటానికి భయపడవద్దు, అది ఎదుటి మనిషితో మాట.

మీరుండేది ఎంవీపీ కాలనీ కాబట్టి శివాజీ పార్కు దగ్గరే. మన ఊరి ఉక్కపోతలో మధ్యాహ్నం ఆటలు సాగవు, పొద్దున్నే గానీ ఎండ తగ్గాక గానీ తీసుకెళ్లు. బీచ్‌కు వెళితే ఇసుకలోనే పరుగెత్తనివ్వు; ఆర్కే బీచ్ దగ్గర అలల లాగుడు ఎక్కువ, నీళ్లలోకి దింపవద్దు. నువ్వు వంట చేసుకునే వేళ ఫోను ఇవ్వక తప్పడం లేదన్నావు. రైతు బజారు నుంచి తెచ్చిన చిక్కుడుకాయలు ఒలవమనో, గిన్నెలు సర్దమనో చెప్పు. పని ఆలస్యమవుతుంది, నాకు తెలుసు, అయినా ఇది ఫోనుకంటే నయం.

వాడిని పస్తుంచి బరువు తగ్గించాలని మాత్రం చూడవద్దు. బరువు అక్కడే నిలిచి ఎత్తు పెరిగితే చాలు. వాడి ముందు లావు అన్న మాట ఎవరూ అనకూడదు, నవ్వుకైనా సరే. మూడు నెలలకొకసారి ఎత్తు, బరువు కొలిచి, ఎదుగుదల పటంలో గుర్తించు. మెడ వెనుక చర్మం నల్లబడి మందమైనా, నిద్రలో రోజూ గురక పెడుతున్నా ఆలస్యం చేయక పిల్లల డాక్టరుకు చూపించు. ఈ వారం భోజనాలు ఎలా గడిచాయో వచ్చే ఆదివారం ఫోను చేసి చెప్పు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ