డిఫ్ తేడా ఉందంటే ఉన్నట్టే

టెర్మినల్‌లో రెండు టెక్స్ట్ ఫైళ్లు పోలిస్తే ఒకేలా ఉన్న లైన్లకు కూడా డిఫ్ తేడా చూపిస్తోంది, ఇంతకంటే మంచి టూల్ ఉందా అని అడిగారు. టూల్ మార్చక్కర్లేదండి. 1974 నుంచి యూనిక్స్‌లో ఉన్న కమాండ్ అది. ఫైల్ విండోస్ నుంచి వచ్చిందైతే లైన్ల చివర క్యారేజ్ రిటర్న్ అనే కనబడని గుర్తు ఉంటుంది, ముందు అది చూడండి. ఇంగ్లీషు ఫైళ్లకు చాలామటుకు అక్కడితో సరి.

తెలుగు ఫైళ్లతోనే అసలు తలనొప్పి. మా ఆఫీసుకు ఒకసారి తెలంగాణ జిల్లాల జాబితా వచ్చింది. మా దగ్గరున్న దానితో డిఫ్ కొడితే ఖమ్మం, నల్గొండ, సిద్దిపేట సరిపోయాయి. మెదక్, ఆదిలాబాద్, నిజామాబాద్, కరీంనగర్ మాత్రం తేడా. పైన మెదక్, కింద కూడా మెదక్! "సార్, రెండూ ఒకటే కదా, మీరే చూడండి" అని మా టీమ్ అమ్మాయి ఒకటే గోల. స్పేస్ ఏమో అనుకుని, స్పేస్‌లు పట్టించుకోవద్దని డిఫ్‌కు చెప్పే మైనస్ డబ్ల్యూ పెట్టింది, లాభం లేదు.

నాకు ఒకటి తట్టింది. తేడా వచ్చినవన్నీ పొల్లుతో ముగిసే పేర్లే. ఫైల్‌లోని బైట్లు చూపించే ఎక్స్‌ఎక్స్‌డీతో తెరిస్తే వచ్చిన ఫైల్‌లో ప్రతి పొల్లు తర్వాతా మూడు బైట్లు: ఈ2 80 8సీ. జీరో విడ్త్ నాన్ జాయినర్, అంటే పొల్లు తర్వాతి అక్షరం ఒత్తుగా కలవకుండా ఆపే గుర్తు. తెరమీద చుక్కంత కూడా కనబడదు. మైనస్ డబ్ల్యూ దాన్ని స్పేస్‌గా లెక్కపెట్టదు.

అలాగని టెక్స్ట్ మార్చే సెడ్ కమాండ్‌తో మొత్తం ఊడ్చేయకండి. మహబూబ్‌నగర్ మధ్యలో అది ఉండాల్సిందే. తీసేస్తే 'న' కాస్తా 'బ' కింద ఒత్తై కూర్చుంటుంది. మేం లైన్ చివర ఉన్నవే తీశాం, డిఫ్ నోరు మూసుకుంది.

ఇలాంటి ప్రశ్న కనబడగానే "ఫలానా సైట్‌లో పేస్ట్ చేసి చూసుకోండి" అని సలహా పారేసేవాళ్లుంటారు. జనం పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్న ఆఫీసు ఫైళ్లను తీసుకెళ్లి ముక్కూమొహం తెలియని సైట్‌లో పోస్తారా? పైగా ఆ సైట్ కూడా రెండు మెదక్‌లకూ ఎర్రరంగు పూసి ఊరుకుంటుంది, ఏ బైటో చెప్పదు. మీ ఫైళ్ల మీద సీఎంపీ కమాండ్ కొట్టండి, తేడా ఎన్నో బైటు దగ్గర మొదలైందో చెబుతుంది. అక్కడ ఎక్స్‌ఎక్స్‌డీతో చూడండి.