చైనాటౌన్‌లో ఉంటే ఎదుగుతారా, అక్కడే ఆగిపోతారా?

అమెరికాలో చైనీయులంతా ఒకేచోట ఉండే పేటలు, అంటే చైనాటౌన్‌లు, వాళ్ల ఎదుగుదలకు సాయపడతాయా, అడ్డుపడతాయా అని ఒకరు అడిగారు. న్యూయార్క్‌లోని ఫ్లషింగ్‌లో నేను చాలా ఏళ్లు అద్దెకున్నాను. గణపతి గుడి దగ్గరని ఆ పేట ఎంచుకున్నాం. ఇరుగుపొరుగు ఎక్కువగా చైనీయులే. నేను చూసినంతలో పిల్లలు పైకొస్తారు, తల్లిదండ్రులు చాలామంది వచ్చినచోటే ఉండిపోతారు. రెండింటికీ కారణం ఆ పేటే.

మా కింది వాటాలో చైనాలోని ఫూజియన్ రాష్ట్రం నుంచి వచ్చిన దంపతులుండేవారు. ఆయన రెస్టారెంట్‌లో వంటవాడు, ఇంగ్లీషు ముక్క రాదు. అయినా దిగిన కొద్దిరోజులకే పని దొరికింది. మాన్‌హట్టన్ చైనాటౌన్‌లో ఈస్ట్ బ్రాడ్‌వే చుట్టుపక్కల పని ఇప్పించే ఏజెన్సీలుంటాయి. వేరే రాష్ట్రాల్లోని రెస్టారెంట్లకు మనుషుల్ని పంపేది వాళ్లే. బస్సులూ అక్కడి నుంచే బయల్దేరతాయి. ఆయన అలా ఊరుకాని ఊరు వెళ్లి, యజమాని ఇచ్చిన గదిలో నలుగురితో కలిసి పడుకుని, వారానికి ఆరు రోజులు పనిచేసేవాడు. అమెరికా రావడానికి చేసిన అప్పు తీరడానికే ఏళ్లు పట్టింది. ఒకసారి ఓ యజమాని జీతం ఎగ్గొడితే ఫిర్యాదు కూడా చెయ్యలేదు. మళ్లీ ఆ యజమానుల దగ్గరే పని అడగాలి కదా అని ఆయన భార్య అంది.

1987లోనే జిమీ శాండర్స్, విక్టర్ నీ అనే ఇద్దరు పరిశోధకులు శాన్‌ఫ్రాన్సిస్కో చైనీయుల విషయంలో ఇదే చెప్పారు: సొంతవాళ్ల మధ్య వ్యాపారం వల్ల లాభం యజమానికే, కూలీకి అంతగా కాదు. ఒకే జాతి కాబట్టి అందరూ ఒకరికొకరు అండ అనుకోవడం పొరపాటు. 1982లో న్యూయార్క్ చైనాటౌన్ కుట్టు ఫ్యాక్టరీల్లో దాదాపు 20,000 మంది, ఎక్కువగా ఆడవాళ్లు, సమ్మెకు దిగారు. వాళ్ల యజమానులూ చైనీయులే.

ఇక పిల్లల సంగతి. ఫ్లషింగ్‌లో ఉండేది పేదలు మాత్రమే కాదు. 1970ల నుంచి తైవాన్ నుంచి చదువుకున్న మధ్యతరగతి వాళ్లు వచ్చి స్థిరపడ్డారు. తమ పిల్లల కోసం వాళ్లు నిలబెట్టిన కోచింగ్ సెంటర్లు, వారాంతపు బడులు, చైనీస్ పత్రికలు పక్కవీధి వంటవాడి పిల్లకూ అందుతాయి. స్టైవెసంట్, బ్రాంక్స్ సైన్స్ లాంటి ప్రభుత్వ హైస్కూళ్లలో సీటు ఒక్క పరీక్ష మీదే ఇస్తారు, ఫీజు లేదు. ఆ సంగతి కింది వాటా ఆవిడకు కూరగాయల కొట్లో తెలిసింది. కూతుర్ని కోచింగ్‌లో చేర్చింది, అమ్మాయికి సీటొచ్చింది. ఇదే కుటుంబం చైనీయులెవరూ లేని ఊళ్లో రెస్టారెంట్ వెనక గదిలో ఉండుంటే, ఆ పరీక్ష ఒకటుందని వాళ్లకు చెప్పేదెవరు?

అందుకే "వాళ్ల సంస్కృతే అంత, చదువంటే ప్రాణం" అని మనవాళ్లు తేల్చేస్తే నాకు బాధగా ఉంటుంది. ఆ అమ్మాయి కష్టం, వాళ్లమ్మ దాచిన డబ్బు, ఆ పేటలో దొరికిన సమాచారం, అన్నీ ఆ ఒక్కమాటలో కొట్టుకుపోతాయి. మనతో పోల్చడమూ సరికాదు. మనలో ఎక్కువమంది డిగ్రీతో, ఇంగ్లీషుతో, ఆఫర్ లెటర్‌తో విమానమెక్కాం. చైనీయులు మొదట్లో పేటలు కట్టుకున్నది ఇష్టపడి మాత్రమే కాదు. 1882 నుంచి 1943 దాకా చైనా కూలీల రాకనే నిషేధించిన చట్టం ఉండేది. బయట ఇళ్లు, పనులు దొరకని రోజులవి.

ఆ అమ్మాయి ఇప్పుడు ఉద్యోగంలో ఉంది. తల్లి హోమ్ కేర్ పనికి మారింది, చూసుకునేది చైనీస్ ముసలివాళ్లనే. తండ్రి ఇంకా వంటగదిలోనే ఉన్నాడు. ఫ్లషింగ్ లైబ్రరీలో ఉచిత ఇంగ్లీషు క్లాసులున్నాయి, కానీ ఆయన పని అయ్యేసరికి రాత్రి పదకొండు. రెస్టారెంట్ వాళ్లకు సెలవుండేది వారం మధ్యలో. ఆ రోజు మధ్యాహ్నాలు వాళ్ల కోసమే క్లాసులు పెడితే, ఆయనలాంటి వాళ్లు తప్పకుండా వస్తారని నా నమ్మకం.