‘పోంగ పోంగ’ అంటే పునరుక్తి దోషమా?

సందేహం: మా దిక్కు పెద్దవాళ్లు కథ చెప్పే తీరులో ఒక కథ రాసిన. ‘పోంగ పోంగ ఒక మర్రిచెట్టు వచ్చిందట’ వంటి వాక్యం నాలుగుచోట్ల ఉన్నది. చదివిన మిత్రుడు అది పునరుక్తి దోషం అన్నడు, ‘అట’లన్నీ కొట్టేయమన్నడు. సంఘర్షణ, క్లైమాక్స్ లేకుంటే అది కథే కాదంటడు. ఏం చేయాలె?
– ఒక పాఠకురాలు, దేవరకొండ

సమాధానం: కొట్టేయకండమ్మా. పనిలేకుండా చెప్పిందే చెప్తే దోషం. ‘పోంగ పోంగ’ (పోతూ పోతూ) ఆమ్రేడితం, అంటే ఒక మాటను వెంటనే మళ్లీ అనడం. రెండు మాటల్లో పూటంత నడక అయిపోతుంది.

ఇక వాక్యమే మళ్లీ మళ్లీ రావడం సంగతి. ఏడు చేపల కథ చూడండి. ‘చేపా చేపా ఎందుకు ఎండలేదు?’ అని మొదలై చీమ దాకా అడిగే తీరు మారదు, జవాబే మారుతుంది. మూడోసారి ‘ఆవా, నువ్వు మేయకపోవడానికి కారణమేమి?’ అని మార్చి రాస్తే కొత్తదనం రాదు, పట్టు తప్పుతుంది. ఇది గొలుసుకథ. ఇందులో ఇద్దరు కొట్టుకోరు. ప్రతివాళ్లూ తప్పును పక్కవాళ్ల మీదికి తోస్తారు. క్లైమాక్స్ కావాలని పట్టుబట్టేవాళ్లకు ఈ తోయడంలోని టెన్షన్ కనబడదు. మన మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్ల బాధకు ఈ అచ్చు ఎంత బాగా సరిపోతుందో!

‘తాతా తాతా, నడుమెందుకు వంగింది?’
‘నీళ్లు వంచినయి.’
‘నీళ్లూ నీళ్లూ, ఎందుకు వంచినయి?’
‘బోరు లోతుకు పోయి తెచ్చింది.’
‘బోరూ బోరూ, అంత లోతుకెందుకు పోయినవు?’
‘చెరువు ఎండింది.’

చివరి చీమ ఎవరో మీరే తేల్చాలి. పాత అచ్చులో కొత్త సంగతి ఇమడదనే భయం వద్దు. ప్రజాకవి సుద్దాల హనుమంతు గొల్లసుద్దులనే జానపద కళారూపాన్ని తెలంగాణ సాయుధ పోరాటానికి వాడుకున్నది మీ నల్లగొండలోనే.

‘అట’ విన్నమాటకు గుర్తు. అందుకే అన్ని వాక్యాలకూ తగిలించవద్దు. ‘తలుపు తీసిండట, లోపలికి పోయిండట’ అని నడిపి, ‘చూస్తే ఏమున్నది? పాము!’ అన్నచోట ఆపేయండి. అక్కడ విన్నది పోయి చూస్తున్నట్టు అవుతుంది. మంచి కథకులు ఇది వ్యాకరణం చదివి చేయరు.

పాత్రల మాటల్లో మాత్రం జాగ్రత్త. ‘నేను తిన్ననట’ అంటే తిన్నానని ఒప్పుకోవడం కాదు, ఎవరో వేసిన నిందను ఎత్తిపొడవడం. మీ కథలో ఇలా అనే పిల్ల ఉండి, నిజంగానే తిని ఉంటే, అక్కడొక్కచోట ‘అట’ తీసేయండి.