వంకీ అంచు, పళ్ళున్న మడత చాకుకి ఇంట్లోనే పదును పెట్టుకోవచ్చు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఓడ ఉద్యోగం నుంచి మీ అన్నయ్య తెచ్చిన మడత చాకు కొడవలిలా లోపలికి వంగి ఉంది, అంచు పొడుగునా పళ్ళున్నాయి, కళింగపట్నంలో వలల పనికి వాడుతున్నారు. ఇప్పుడు నైలాన్ తాడు మీద పెడితే జారిపోతోంది. శ్రీకాకుళంలో సాన పట్టే ఆయనకి ఇవ్వాలా, ఇంట్లో అవుతుందా అని.

ఇంట్లోనే అవుతుంది. సాన చక్రానికి మాత్రం దయచేసి ఇవ్వకండి. కూరగాయల కత్తికీ కత్తిపీటకీ ఆ చక్రం బాగానే పనిచేస్తుంది. పళ్ళ చాకు విషయం వేరు. చక్రం వెడల్పుగా ఉంటుంది కాబట్టి ముందు పళ్ళ కొనల్నే తినేస్తుంది. నిజంగా తాడుని కోసే పదును రెండు కొనల మధ్యనున్న గుంతలో ఉంటుంది. చక్రం అందులోకి దూరదు. పళ్ళు అరిగిపోయి మామూలు అంచైపోయిన చాకులు మా టెక్కలి వైపు చాలా చూశాను. పైగా నీళ్ళు పోయకుండా చక్రం మీద ఒత్తి పట్టుకుంటే సన్నని అంచు క్షణాల్లో కాలిపోతుంది. నీలం రంగు తిరిగిందంటే అక్కడ ఉక్కు మెత్తబడిపోయినట్టే, మళ్ళీ ఎంత నూరినా పదును నిలవదు.

కోతల ముందు కక్కు కొడవళ్ళు కమ్మరి దగ్గరికి పంపడం మనకి అలవాటు. అరిగిన కక్కుల్ని ఆయన ఉలితో మళ్ళీ కొట్టి ఇస్తాడు. అందుకే చాకునీ అలాగే బాగుచేయించవచ్చని అందరికీ తోస్తుంది. కొడవలి ఉక్కుని కొలిమిలో కాల్చి మెత్తబరిచి మళ్ళీ గట్టిపరచవచ్చు. కానీ ఈ మడత చాకులు ఫ్యాక్టరీలో లెక్కప్రకారం గట్టిపరిచిన స్టెయిన్‌లెస్ ఉక్కు, లోహం గట్టిదనం చెప్పే రాక్‌వెల్ కొలతలో సాధారణంగా 56 నుంచి 60 దాకా. దీన్ని కొలిమికి చూపిస్తే చాకు పాడైపోయినట్టే. మామూలు ఆకురాయి కూడా దీని మీద సరిగ్గా పట్టదు. వజ్రపు పొడి పూసిన కడ్డీ గానీ, పింగాణీ కడ్డీ గానీ, పెయింట్ల కొట్లో దొరికే నల్ల వాటర్ పేపర్ (గరుకు కాగితం) గానీ కావాలి.

ఇక అసలు పని. చాకుని ట్యూబ్‌లైటు కింద పెట్టి రెండు ముఖాలూ చూడండి. దాదాపు అన్ని పళ్ళ చాకులకీ ఒక ముఖానే గుంతలు చెక్కి ఉంటాయి, రెండో ముఖం సాఫీగా ఉంటుంది. మీరు రుద్దాల్సింది గుంతలున్న ముఖాన్నే. మొండిబారిన చోట అంచు పొడుగునా తెల్లటి సన్నని గీత మెరుస్తుంది. పదునున్న చోట ఏ మెరుపూ కనిపించదు. ఆ తెల్లగీత పోయేదాకా రుద్దడమే మొత్తం పని.

వంకీని చూసి కంగారు పడకండి. లోపలికి వంగిన అంచుకి బల్లపరుపు సానరాయి తగలదన్నది నిజమే, కానీ ఇక్కడ మొత్తం అంచుని ఒకేసారి నూరేది లేదు. ఒక్కో గుంతా ఒక్కో చిన్న చాకు అనుకోండి. ఏ గుంత దగ్గరుంటే అక్కడ కడ్డీ అంచుకి అడ్డంగా ఉండేలా చాకుని కొంచెం కొంచెం తిప్పుకుంటూ పోతే చాలు, వంకీ ఉందన్న సంగతే గుర్తురాదు.

నేను వాడేది డ్రిల్ బిట్. దాని వెనకవైపు నున్నటి కాడకి వాటర్ పేపర్ ఒక చుట్టు చుట్టి వేళ్ళతో బిగించి పట్టుకుంటాను. కాగితంతో కలిపి లావు గుంత వెడల్పు కంటే ఒక పిసరు తక్కువుండాలి. ఎక్కువైతే పక్కనున్న కొనలు అరిగిపోతాయి. చాలా చాకుల్లో ఒక పెద్ద గుంత, తర్వాత రెండు చిన్న గుంతలు వరసగా వస్తాయి, కాబట్టి రెండు సైజుల బిట్లు దగ్గర పెట్టుకోండి. కొనగలిగితే కొసకి సన్నబడే వజ్రపు కడ్డీ ఇంకా సుఖం, ఒకే కడ్డీ అన్ని గుంతలకీ సరిపోతుంది. స్పైడర్కో కంపెనీ వాళ్ళ షార్ప్‌మేకర్ అనే పదును పెట్టే సాధనంలో ముక్కోణపు పింగాణీ కడ్డీలు వస్తాయి. వాటి మూలలు పళ్ళలోకి దిగుతాయి గానీ బాగా మొండిబారిన చాకుకి ఆ పింగాణీతో చాలాసేపు పడుతుంది.

చాకుని పూర్తిగా తెరిచి, గుంతల ముఖం పైకి, వెన్ను మీ వైపు, అంచు అవతలికి ఉండేలా బల్ల అంచున పెట్టి పిడిని గట్టిగా అదిమి పట్టండి. గుంతల్లో మార్కర్ పెన్నుతో రంగు పూయండి. ఫ్యాక్టరీ ఇచ్చిన వాలులోనే కడ్డీని ఆనించి, వెన్ను వైపు నుంచి అంచు వైపుకి తోయండి, వెనక్కి వచ్చేటప్పుడు పైకెత్తేయండి. ఎదురు తోస్తే అంచు కాగితాన్ని కోసేస్తుంది. చెయ్యి ఎప్పుడూ వెన్ను వెనకాలే ఉండాలి, కడ్డీ కొస మాత్రమే అంచు దాటాలి. ఈ వంకీ చాకుల ముక్కు వేలికి గుచ్చుకుందంటే గేలంలా పట్టేస్తుంది, అందుకే ఇంత చెప్తున్నాను. రెండు మూడు తోపుల తర్వాత రంగు చూడండి. అంచు దగ్గర రంగు మిగిలితే కడ్డీని చేతి వైపు కొంచెం లేపాలి, అంచు దగ్గర పోయి పైన మిగిలితే కొంచెం దించాలి.

400 నంబరు కాగితంతో మొదలుపెట్టండి. కాసేపటికి సాఫీ ముఖం వైపు గోరుని వెన్ను నుంచి అంచుకి జారిస్తే, చివర్లో సన్నని రేకులాంటిది గోరుకి తగులుతుంది. ఆ గుంత అయిపోయినట్టు గుర్తు అదే, ఇక అక్కడ రుద్దొద్దు. గోరుకి ఏమీ తగలకపోతే ఇంకా అంచుదాకా చేరలేదన్నమాట. అన్ని గుంతల్లోనూ రేకు లేచాక ఇంకా నున్నటి 800 నంబరు కాగితంతో రెండేసి తోపులు.

తర్వాత ఆ రేకుని తీసెయ్యాలి. సాఫీ ముఖాన్ని దాదాపు పడుకోబెట్టి, నున్నటి పింగాణీ మీద ఒకటి రెండుసార్లు చాలా తేలిగ్గా లాగండి. పచ్చడి జాడీ అడుగున గ్లేజు లేని వలయం ఉంటుంది చూశారా, మా ఇంట్లో దానికి అదే వాడతాను. గుండ్రంగా ఉంటుంది కాబట్టి వంకీ లోపలికి చక్కగా తగులుతుంది. ఈ ముఖాన వాలు పెట్టి నూరారంటే మాత్రం పళ్ళు ఏడాది తిరక్కుండా సగానికి వస్తాయి. చివరికి పాత జీన్స్ గుడ్డ మీద వెన్ను ముందుండేలా నాలుగుసార్లు లాగితే సరి.

పరీక్ష బొటనవేలితో చెయ్యొద్దు. మీరు రోజూ కోసే తాడునే వదులుగా పట్టుకుని కోసి చూడండి, లాగగానే పట్టుకోవాలి.

ఉప్పునీటి దగ్గర పని కాబట్టి ఇంకొక్క మాట. స్టెయిన్‌లెస్ అయినా సముద్రం గాలికి మచ్చలు పడుతుంది, కొత్తగా నూరిన అంచున ముందు పడుతుంది. ఇంటికి రాగానే మంచినీళ్ళతో కడిగి తుడిచి, మడత దగ్గర కుట్టుమిషను నూనె ఒక చుక్క వెయ్యండి. కొబ్బరినూనె వద్దు, కొన్నాళ్ళకి జిగురు కట్టి మడత బిగుసుకుపోతుంది.

పళ్ళేవైనా విరిగి ఉంటే ఆ కొనని తిరిగి తెప్పించాలని చూడకండి, పక్క గుంతలకి పదునుంటే తాడు తెగుతుంది. పెద్ద గుంత వెడల్పు స్కేలుతో కొలిచి ఇక్కడ రాయండి, ఏ సైజు బిట్ సరిపోతుందో చెప్తాను.